మైనస్ 99.99

నేను లెక్కలు చూసే మనిషిని. ముప్పై ఏళ్లకు పైగా ఆడిట్ పనే. ఏ ఆఫీసుకు వెళ్లినా, క్యాష్‌బుక్ చేతికి రాగానే మొత్తాల సంగతి తర్వాత, ముందు ఖాళీలు వెతుకుతాను. అంకె తప్పు పడితే దిద్దొచ్చు. అసలు రాయనే రాయకపోతే ఏం దిద్దుతాం?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట మూడు నెలల రిజిస్టర్లు లేవు. దొంగతనమేమీ జరగలేదు. గుమస్తా మానేశాడు, కొత్తాయన చేరలేదు, ఎవరో ఒకరు రాస్తున్నారులే అని అందరూ అనుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లుల నకళ్లు, లారీ రసీదులు పోగేసి కొంత రాబట్టాం. మిగిలింది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ మూడు నెలల మీద నాలుగు పంక్తుల రిమార్కు రాసి సంతకం పెడుతుంటే మనసుకెంత కష్టంగా అనిపించిందో నాకింకా గుర్తుంది.

వాతావరణ మార్పు గురించి నేను పట్టించుకోవడం మొదలుపెట్టింది కూడా ఇలాంటి పుస్తకాల వల్లే. 2020 మార్చిలో, ఎక్కడివాళ్లు అక్కడే ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో, మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, నీకు నచ్చే పని ఒకటి దొరికింది, చూడు" అంది. బ్రిటన్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ అప్పుడే 'రెయిన్‌ఫాల్ రెస్క్యూ' అని ఒకటి మొదలుపెట్టారు. బ్రిటన్ వాతావరణ శాఖ భద్రపరిచిన పాత వర్షపాతం కాగితాలు 66 వేల దాకా స్కాన్ చేసి ఉన్నాయి. అన్నీ చేతిరాతలు. ఆ రాతల్ని కంప్యూటర్ సరిగా చదవలేదు, మనుషులే చూసి టైప్ చేయాలి. ఎవరైనా చేయొచ్చు.

ఒక్కో కాగితం ఒక్కో చోటి పదేళ్ల లెక్క. పైన ఏళ్లు, పక్కన నెలలు, గడిలో ఆ నెల పడిన వాన, అంగుళంలో నూరో వంతు దాకా. కింద ఏడాది టోటల్. ఆ టోటల్ వరస చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండు నెలలూ కూడితే కింది అంకెతో టాలీ అవ్వాలి. అవ్వకపోతే ఎక్కడో ఒకటిని ఏడుగా చదివామన్నమాట. నూటయాభై ఏళ్ల నాటి మనిషి ఎవరో నా చేతికి తాళంచెవి ఇచ్చి వెళ్లినట్టు అనిపించింది. రాసినవాళ్లలో ఎక్కువమందికి అది ఉద్యోగం కాదు. పెరట్లో వానకొలత గిన్నె పెట్టుకుని, రోజూ పొద్దున్నే లేచి చూసి, రాసుకున్న మామూలు మనుషులు. ఒక కాగితంలో చేతిరాత వంకరలు తిరుగుతూ తిరుగుతూ ఒక నెల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి నెల నుంచి వేరే చేతిరాత. మధ్యలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. చాలాసేపు ఆ కాగితం దగ్గరే ఉండిపోయాను.

16 రోజుల్లో 16 వేల మందిమి కలిసి 52 లక్షల అంకెలు టైప్ చేశాం. దాంతో బ్రిటన్ అధికారిక వర్షపాతం లెక్క 1836 దాకా వెనక్కి వెళ్లింది. అక్కడ నమోదైన వాటిలో అన్నిటికంటే తక్కువ వాన పడిన ఏడాది 1855 అని అప్పుడే బయటపడింది. ఎంత కరువు రావచ్చో ముందే తెలిస్తే రిజర్వాయరు ఎంత కట్టాలో ఇంజనీర్లు లెక్కేసుకుంటారు. వాలంటీర్లు టైప్ చేశారు సరే, ఆ కాగితాల్ని అన్నేళ్లు తడవకుండా, చెదపట్టకుండా దాచి, స్కాన్ చేయించి ఉంచింది ప్రజల డబ్బుతో నడిచే ఆఫీసు. దాచిన చేయి లేకపోతే మా పదహారు వేల చేతులకు పనే లేదు.

ఆ పని అయిపోయాక చేతులు ఊరుకోలేదు. ఇలాంటి చిట్టాలు ఇంకెక్కడున్నాయా అని వెతికితే మౌనా లోవా ఫైల్ దొరికింది. హవాయి దీవుల్లోని ఒక అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో 1958 మార్చి నుంచి కొలుస్తున్నారు. చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. మొదటి రీడింగ్ 313 పీపీఎం, అంటే పది లక్షల గాలి అణువుల్లో 313. ఫైల్ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. రంగులు, బొమ్మలు ఏవీ లేని మామూలు టెక్స్ట్. ఏడాది, నెల, అంకె. అలా కిందికి వందల వరసలు.

అలవాటు ప్రకారం ఖాళీలు వెతికాను. రీడింగ్ లేని నెలల్లో వాళ్లు గడి ఖాళీగా వదలరు, మైనస్ 99.99 అని రాస్తారు. గాలిలో అలాంటి విలువ ఉండడం అసాధ్యం కాబట్టి ఎవరూ పొరబడరు. మంచి పద్ధతి. 1958లో ఒకటి రెండు చోట్ల ఉంది, కొత్తలో కరెంటు ఇబ్బందులు. తర్వాత 1964 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. వరసగా మూడు. మూడు నెలలు! నా పాత రిజిస్టర్లే కళ్లముందు కదిలాయి. ఏం జరిగిందా అని చదివాను. యంత్రం చెడిపోలేదు, తుపానూ రాలేదు. అమెరికా ప్రభుత్వం బడ్జెట్ కోసింది, కొండ మీద మనుషులు తగ్గారు, కొలత ఆగింది. కీలింగ్ తిరిగి తిరిగి వేరే గ్రాంటు సంపాదించుకుని మే నెలలో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ మూడు నెలలు మిగిల్చిన డబ్బు ఎంతో ఈరోజు ఎవరికీ గుర్తులేదు. మూడు మైనస్‌లు మాత్రం ఆ ఫైల్ ఉన్నంతకాలం ఉంటాయి. గణితంతో అంచనా వేసి పూరించిన అంకెలు పక్క వరసలో ఉన్నాయి, నిజమే. కానీ అంచనా అంచనాయే, వోచర్ వోచరే.

కొలవడం ఎంత జాగ్రత్తగా జరుగుతుందో తెలిశాక నాకు ఆ అంకెల మీద గౌరవం ఇంకా పెరిగింది. యంత్రం నిరంతరం కొలుస్తుంది. అది చాలదన్నట్టు విడిగా గాజు సీసాల్లో గాలి పట్టి ల్యాబ్‌కు పంపుతారు. పట్టే మనిషి భవనాలకు దూరంగా, గాలికి ఎదురుగా నడిచి నిలబడతాడు. ఊపిరి బిగపడతాడు. లోపలి గాలంతా ముందే తీసేసిన సీసా మూత తిప్పుతాడు, గాలి లోపలికి దూసుకుపోతుంది, మూత బిగిస్తాడు, అప్పుడు ఊపిరి వదులుతాడు. ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో నూటికి నాలుగు పాళ్లు కార్బన్ డయాక్సైడే, అంటే 40 వేల పీపీఎం. మా అమ్మాయి దగ్గర గదిలో గాలి కొలిచే చిన్న మీటరు ఒకటుంది. తెరిచిన కిటికీ దగ్గర 430 చూపిస్తోంది. దగ్గరగా వంగి ఒక్కసారి ఊదాను. అంకెలు గబగబా ఎగబాకి మీటరు లెక్కపెట్టగలిగే హద్దు దాటిపోయాయి. మళ్లీ కిందికి దిగడానికి చాలా నిమిషాలు పట్టింది. కొండ మీద నిలబడి ఊపిరి బిగపట్టిన మనిషిని తలుచుకున్నాను.

అంతేకాదు, యంత్రం సరిగా చూపిస్తోందా లేదా అని చూడ్డానికి, ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో కచ్చితంగా తెలిసిన గ్యాస్ సిలిండర్లతో మాటిమాటికీ పోల్చుకుంటారు. త్రాసు రాళ్లు సరిచూసుకున్నట్టు. ప్రపంచంలో ఎక్కడ కొలిచినా ఆ కొలతలు ఒకే ప్రామాణికానికి కట్టుబడి ఉంటాయి. ఆ ప్రామాణికాన్ని కాపాడేదీ ఒక ప్రభుత్వ ల్యాబే.

ఇక గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది మనం కాల్చిన బొగ్గు, పెట్రోలు వల్లేనని ఎలా చెబుతారు? నాకు తెలిసినవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది. అగ్నిపర్వతాలో, సముద్రమో వదిలి ఉండొచ్చు కదా అంటారు. ఆడిటర్‌గా నాకు ఇందులో నచ్చింది, ఒక్క జమ పద్దుకు విడివిడిగా మూడు వోచర్లు ఉండడం. మొదటిది కార్బన్ 14, కాలం గడిచేకొద్దీ తనంతట తానే తరిగిపోయే కార్బన్ రకం. దాని అర్ధాయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 5,730 ఏళ్లు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో అది మిగలదు. కాబట్టి బొగ్గు కాలిన కొద్దీ గాలిలో కార్బన్ 14 వంతు పలచబడాలి. రెండోది కార్బన్ 13, మామూలు కార్బన్ 12 కంటే కాస్త బరువైన రకం. మొక్కలు తేలికైన కార్బన్ 12ని ఎక్కువగా తీసుకుంటాయి, బొగ్గు ఒకప్పటి మొక్కే కాబట్టి అది కాలితే గాలిలో 13 వంతు తగ్గాలి. తగ్గుతోంది. మూడోది ఆక్సిజన్. ఏది కాలాలన్నా ఆక్సిజన్ ఖర్చవ్వాలి. కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి అదే కొలుస్తున్నాడు, అదీ తగ్గుతోంది. అగ్నిపర్వతాలు వదిలేది మనం వదిలేదానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రంలోనైతే కార్బన్ పెరుగుతోంది, అది ఇచ్చేది కాదు పుచ్చుకునేది. ఇంధనాల లెక్కలు తీస్తే ఇప్పుడు ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాం. వదిలిన మొత్తంలో దాదాపు సగం గాలిలో నిలుస్తోంది, మిగతాది సముద్రం, చెట్లు పంచుకుంటున్నాయి. ఇంత శుభ్రంగా టాలీ అయిన పుస్తకాలు నా సర్వీసులో కొన్నే చూశాను.

ఓపెనింగ్ బ్యాలెన్స్ కూడా ఉంది. అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట యూరప్ దేశాలు కలిసి మూడు కిలోమీటర్లకు పైగా లోతు మంచును తొలిచాయి. ఒకప్పుడు మంచు కురిసినప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు అందులో ఇంకా ఉన్నాయి. 8 లక్షల ఏళ్ల గాలి. అన్నేళ్లలోనూ కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగినా 300 పీపీఎం దగ్గరే ఆగింది. ఫ్యాక్టరీల యుగానికి ముందు దాదాపు 280. 2025 మే నెలలో మౌనా లోవా సగటు 430 దాటింది.

వేడి ఎక్కడికి పోతోందో చూసేది ఇంకొక చిట్టా. పెరిగిన వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రంలోకే వెళ్తోంది. దాన్ని కొలవడానికి ఆర్గో అనే ఏర్పాటు ఉంది. మనిషి ఎత్తుకు అటూఇటూగా ఉండే గొట్టాల్లాంటి తేలే పరికరాలు, దాదాపు 4,000, ప్రపంచ సముద్రాలన్నిటా తిరుగుతుంటాయి. ఒక్కోటి 1,000 మీటర్ల లోతుకు దిగి రోజుల తరబడి ప్రవాహంతో పాటు పోతుంది, ఆపైన 2,000 మీటర్లకు దిగి, పైకి వస్తూ వేడి, ఉప్పదనం కొలుస్తుంది. పైకి తేలి ఉపగ్రహానికి కబురు పంపి మళ్లీ మునుగుతుంది. పది రోజులకొక ఆవృత్తి. బ్యాటరీ అయిపోయే దాకా, అంటే నాలుగైదేళ్లు, అదే పని. కాబట్టి ప్రతి ఏడాదీ వందల కొత్తవి వేస్తూ ఉండాలి. ఒక్క ఏడాది డబ్బు ఆగితే వెంటనే ఏమీ కనబడదు. కొన్నాళ్లకు అక్కడొకటి, ఇక్కడొకటి మూగబోతాయి.

ఇంకో ఏర్పాటు విషయంలో అలా జరిగింది కూడా. పసిఫిక్ నీళ్లు వేడెక్కి దేశదేశాల వానల్ని తారుమారు చేసేదాన్ని ఎల్ నినో అంటారు. 1982-83లో వచ్చిన ఎల్ నినో ఎవరికీ ముందుగా అంతుబట్టలేదు. అది వచ్చి తీరని నష్టం చేశాక, పసిఫిక్ మహాసముద్రం నడుమ భూమధ్యరేఖ వెంట దాదాపు 70 బోయలు, అంటే లంగరు వేసిన తేలే కొలత పరికరాలు, కట్టారు. పదేళ్లు పట్టింది, 1994కి పూర్తయింది. ఉప్పునీటికి పరికరాలు చెడతాయి, చేపల పడవలు తగులుతాయి. ఓడ వెళ్లి బాగుచేస్తుండాలి. 2012లో పొదుపు కోసం ఆ పనికి కేటాయించిన ఓడను పక్కన పెట్టారు. రెండేళ్లలోపే వరసలో చాలా బోయలు మూగబోయాయి, రావాల్సిన సమాచారంలో నూటికి 40 పాళ్లే అందింది. ఎల్ నినో వస్తుందా రాదా అని ప్రపంచమంతా అడుగుతున్న సమయంలో! అప్పుడు హడావిడిగా ఓడలు అద్దెకు తెచ్చి సరిచేశారు. విత్తనం ఎప్పుడు వేయాలి, డ్యామ్‌లో నీళ్లు ఎంత ఉంచాలి అనే నిర్ణయాలు ఆ బోయల మీద ఆధారపడి ఉంటాయి. బోయ మూగబోయిందని రైతుకు కబురు రాదు.

ఇదంతా ప్రభుత్వమే ఎందుకు చేయాలి, కంపెనీలు చేయవా అని మా ఇంట్లోనే ఒకసారి వాదన వచ్చింది. కంపెనీలు చేస్తాయి, బాగానే చేస్తాయి. కానీ ఫోన్‌లో వాన కబురు చెప్పే యాప్‌లన్నీ చివరికి ప్రభుత్వాల ఉపగ్రహాలు, రాడార్లు, రోజుకు రెండుసార్లు ప్రపంచమంతటా ఒకే వేళకు ఎగరేసే బెలూన్ల మీదే నడుస్తున్నాయి. అరవై ఏళ్లకు ఫలితం తెలిసే కొలతకు ఏ కంపెనీ బోర్డూ అరవై ఏళ్లు డబ్బు కట్టదు, కట్టమని అడగడమూ న్యాయం కాదు. పైగా అంకె అందరి చేతికీ రావాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమి ఫొటోలు తీస్తున్నాయి. ఒకప్పుడు ఒక్కో ఫొటోకు వందల డాలర్లు తీసుకునేవారు. 2008లో ఉచితం చేశాక, అడవులు ఎక్కడ పోతున్నాయో, హిమానీనదాలు ఎంత వెనక్కి తగ్గాయో పేద దేశాల పరిశోధకులు కూడా స్వయంగా చూసుకోగలిగారు.

కీలింగ్‌ను జీవితమంతా బాధపెట్టిన మాట ఒకటుంది: 'రొటీన్'. గ్రాంట్లిచ్చేవాళ్లు, ఇది పరిశోధన కాదు, రొటీన్ కొలత, దీనికి పరిశోధన డబ్బు ఎందుకు అనేవారు. ఈ మాట నాకు బాగా తెలుసు. రోజూ క్యాష్‌బుక్ రాసే గుమస్తా పనిని కూడా రొటీన్ అనే అంటారు. హాలీ అనే అంటార్కిటికా స్థావరంలో బ్రిటన్ వాళ్లు 1956 నుంచి ఏటా ఓజోన్ కొలుస్తూ వచ్చారు. పాతికేళ్లు పెద్దగా ఏ వార్తా లేదు. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జోనథన్ షాంక్లిన్ ఆ పాత పుస్తకాలు ముందు పెట్టుకుని, వసంతకాలపు ఓజోన్ ఎంత పడిపోయిందో చూపించారు. రెండేళ్లకే, ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాల్ని ఆపడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పాతికేళ్ల రొటీన్ లేకపోతే ఎంత పడిపోయిందని దేనితో పోల్చి చెప్పేవారు?

2025 ఏప్రిల్‌లో, అమెరికా జాతీయ వాతావరణ నివేదిక రాయడానికి ఒప్పుకున్న దాదాపు 400 మంది శాస్త్రవేత్తల్ని ప్రభుత్వం పంపించేసిందని చదివాను. అది 1990 నాటి చట్టం ప్రకారం నాలుగేళ్లకోసారి రావాల్సిన నివేదిక. జూన్ చివర్లో పాత నివేదికలున్న సైట్ కూడా మూతపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దేశం నాది కాదు, ఆ పన్ను నేను కట్టలేదు. కానీ ఆ ఫైల్ నాది కూడా అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. మర్నాడు పొద్దున్నే మౌనా లోవా ఫైల్ మళ్లీ దించుకున్నాను. మా అమ్మాయి చూసి, "ఒక్క కాపీతో ఏమవుతుందమ్మా?" అంది. రెండో కాపీ తన కంప్యూటర్లో పెట్టమన్నాను. పెట్టింది.

2022 నవంబర్ 27 రాత్రి మౌనా లోవా బద్దలైంది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత. లావా పారి అబ్జర్వేటరీకి వెళ్లే రోడ్డు తెగిపోయింది, కరెంటు స్తంభాలు కూలాయి, యంత్రాలు ఆగిపోయాయి. ఆ వార్త వినగానే నాకు ఆ మూడు మైనస్‌లే గుర్తొచ్చాయి. అక్కడి మనుషులు పరికరాలు సర్దుకుని ఎదురుగా ఉన్న మౌనాకియా కొండ ఎక్కారు. మూడు వారాలు తిరక్కుండానే కొలత మొదలైంది. ఆ డిసెంబర్ వరస ఎలా ఉంటుందోనని జనవరిలో ఫైల్ తెరిచి, చివరి దాకా వేలితో తెర మీద జారుతూ వెళ్లాను.

2022, 12. పక్కన అంకె ఉంది.